కొత్త యాప్‌ను జనంలోకి తీసుకెళ్లడం ఎలా: టైలర్ షాపుల్లో నేర్చుకున్నది

మా అమ్మ విజయవాడ పటమటలో, ఇంటి వసారాలో మిషన్ వేసుకుని 26 ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఆమె కొలతల పుస్తకాలు అటక మీద ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. శ్రావణమాసం వచ్చిందంటే ఇల్లంతా సంచులే. ఏ సంచిలో ఎవరి ఆది జాకెట్టు ఉందో వెతకడానికే పూట గడిచిపోయేది. ఆ వెతుకులాట చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, నాతో ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడితో కలిసి ఇంటి దగ్గర కుట్టే ఆడవాళ్ల కోసం ఒక యాప్ తయారుచేశాం. కొలతలు, ఇవ్వాల్సిన తేదీ, అడ్వాన్సు, ఆది జాకెట్టు ఫోటో. అందులో ఉండేది ఇంతే. 2025 జూన్ 30న ప్లే స్టోర్‌లో పెట్టాం.

యాప్ ఎలా కట్టాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. కట్టాక దాన్ని మొదటి వందమంది చేతుల్లోకి ఎలా చేర్చాలో చెప్పేవాళ్లు మాకు దొరకలేదు. మేము చేసినదాంట్లో పనికొచ్చినది, డబ్బు పోయినది రెండూ ఇక్కడ రాస్తున్నాను. మీ యాప్ టైలర్లది కాకపోయినా వరస ఇదే పెట్టుకోవచ్చు.

ముందు తేదీ, తర్వాతే మిగతావన్నీ

మా యాప్ ఏప్రిల్ నాటికే పనిచేస్తోంది. వెంటనే విడుదల చేద్దామని నా స్నేహితుడు అన్నాడు. ఆ మాట అమ్మతో చెబితే, "ఇప్పుడు పెళ్లిళ్లు. ఎవరి దగ్గరికెళ్లినా తలెత్తి కూడా చూడరు. ఆషాఢంలో వెళ్లు, అప్పుడు అందరూ ఖాళీయే" అంది. మా ప్లాను మొత్తం ఆ మాట మీదే నిలబడింది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. బట్టల షాపులకు డిస్కౌంట్ అమ్మకాలతో అదే పెద్ద సీజన్, కుట్టేవాళ్లకు మాత్రం అది ఊపిరి తీసుకునే నెల. ఆ నెలలో కొన్న చీరలన్నీ శ్రావణంలో జాకెట్ల కోసం వాళ్ల దగ్గరికే వస్తాయి. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలై జులై 24తో ముగిసింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8. అంటే నేర్చుకోవడానికి తీరికున్న నాలుగు వారాలు, ఆ వెంటనే నేర్చుకున్నది అక్కరకొచ్చే రెండు వారాలు. టైలరుకు యాప్ ఇవ్వడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి సమయం లేదు.

మీ యాప్ వాడేవాళ్లకూ ఇలాంటి నెల ఒకటి ఉంటుంది. రైతులకైతే నాట్లు అయిపోయాక, ట్యూషన్ సెంటర్లకైతే పరీక్షలు ముగిశాక, క్యాటరింగ్ వాళ్లకైతే మూఢంలో. ఆ నెల ఏదో గూగుల్‌లో దొరకదు, ఆ పనిలో ఉన్నవాళ్లను అడగాలి. తేదీలు మాత్రం పంచాంగంలో చూసుకోండి, ఎందుకంటే ఏటా ఒకేలా రావు. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం జులై మధ్యకు జరిగింది. పోయినేడాది క్యాలెండర్ పట్టుకుని జూన్ చివర్లో వెళితే లెక్క తప్పుతుంది.

తేదీ కుదిరాక అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఇందులో కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ప్లే స్టోర్ నిబంధన దగ్గర. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే మనం ఎంచుకున్న కొద్దిమందికే ఇచ్చి వాడించడం, తప్పనిసరి. కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు అందులో చేరి ఉండాలి. ఆ తర్వాత అనుమతికి దరఖాస్తు పెట్టాలి, టెస్టింగ్ ఎలా జరిగిందో రాయాలి, గూగుల్ వాళ్లు చూసి జవాబివ్వడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. కంపెనీ పేరుతో ఖాతా తెరిస్తే ఈ మెలిక లేదు కానీ దానికి కంపెనీలను గుర్తించే డన్స్ నంబర్ కావాలి, అది రావడానికీ టైం పడుతుంది. ఖాతా ఫీజు 25 డాలర్లు, ఒక్కసారే. ఆపిల్‌కైతే ఏటా 99 డాలర్లు. మేము కలిసిన టైలర్లలో ఒక్కరి చేతిలోనూ ఐఫోన్ కనిపించలేదు, అందుకే ఆ ఖర్చు పెట్టలేదు.

మేము టెస్టింగ్ మే 26న మొదలుపెట్టాం. విడుదలకు ఐదు వారాల ముందన్నమాట. మీరు ఎనిమిది వారాలు ఉంచుకోండి. మాకు చివరి వారం నిద్ర లేదు.

టెస్టర్లుగా స్నేహితుల్ని పెట్టుకోవద్దు. పన్నెండు మంది సాఫ్ట్‌వేర్ స్నేహితులు పద్నాలుగు రోజులూ "బాగుంది" అనే అంటారు. మేము అమ్మకు తెలిసిన 19 మంది టైలర్లను తీసుకున్నాం. మధ్యలో నలుగురు తప్పుకున్నా సంఖ్య 12 కంటే తగ్గలేదు. వాళ్లలో ఒకామె మూడో రోజే ఫోన్ చేసి, "ఇది నా కాంటాక్టులన్నీ ఎందుకు అడుగుతోందమ్మా?" అంది. కస్టమర్ నంబరు టైప్ చేసే శ్రమ తప్పిద్దామని మేము పెట్టిన సౌకర్యం అది. ఆమెకు మాత్రం ఇంట్లోకి తొంగి చూసినట్టనిపించింది. ఆ రాత్రే తీసేశాం.

ఒక్క వాక్యం కోసం మూడు వారాలు

పోస్టరులో, వీడియోలో, షాపు గుమ్మంలో నిలబడి మాట్లాడేటప్పుడు మీ యాప్ గురించి ఏ వాక్యం చెబుతారు? దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. మేము మూడు వాక్యాలు పట్టుకుని తిరిగాం.

మొదటిది, "మీ టైలరింగ్ వ్యాపారాన్ని డిజిటల్ చేసుకోండి." తల ఊపారు, మళ్లీ మిషన్ తొక్కుకున్నారు. రెండోది నాకు ఎంతో ఇష్టమైన వాక్యం: "ఇక కొలతలు పోవు." గవర్నర్‌పేటలో ఒక పెద్దావిడ కళ్లద్దాలు తీసి, "నా దగ్గర కొలతలు ఎప్పుడు పోయాయమ్మా?" అంది. ఆమె నొచ్చుకుంది. నిజంగానే పోలేదు, ఆమె పుస్తకం భద్రంగానే ఉంది. అటక మీది గోనెసంచి నా చిన్నప్పటి బాధ, వాళ్ల బాధ వేరు.

ఆ బాధేమిటో వాళ్ల పక్కన ఊరికే కూర్చుంటేనే తెలిసింది. ఒక సాయంత్రంలో ముగ్గురు కస్టమర్లు వచ్చి "శుక్రవారం ఇస్తానన్నారు కదా" అని నిలదీశారు. ఆమె ముగ్గురికీ శుక్రవారమే చెప్పింది. ఆ శుక్రవారానికి ఇంకా పదకొండు మందికి కూడా చెప్పింది. ఒప్పుకునేటప్పుడు ఆ రోజుకు ఎన్ని జాకెట్లు పడ్డాయో ఆమెకు కనిపించే దారి లేదు. పుస్తకం కొలతల్ని మనిషి పేరుతో చూపిస్తుంది, తేదీ వారీగా చూపించదు.

మూడో వాక్యం అక్కడ పుట్టింది: "శుక్రవారానికి ఎన్ని ఒప్పుకున్నారో ఒప్పుకునే ముందే కనిపిస్తుంది." ఇది చెప్పగానే ఒకావిడ కత్తెర పక్కన పెట్టి "ఏదీ, చూపించు" అంది. ఇక వాక్యం వెతకడం ఆపేశాం.

మీ వాక్యాన్ని ఇలాగే పరీక్షించండి. చెప్పాక అవతలి మనిషి "అంటే?" అని అడిగితే అది పనికిరాదు. "ఏదీ" అంటే దొరికినట్టే.

ప్లే స్టోర్ పేజీ

ఇది మీ షాపు బోర్డు లాంటిది. పేరుకు 30 అక్షరాలు, చిన్న వివరణకు 80, పెద్ద వివరణకు 4000 అక్షరాల వరకు ఇస్తారు. తెలుగులో రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "కొలతలు" మన కంటికి నాలుగక్షరాలే, అక్కడ ఆరు. అందుకే చిన్న వివరణ ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మారిస్తే చోటు సరిపోదు, మొదటి నుంచీ తెలుగులోనే ఆలోచించి రాయాలి. ఇంగ్లీషు పేజీతో పాటు తెలుగు పేజీ విడిగా పెట్టే వీలుంది. ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకు అదే కనిపిస్తుంది.

పేరు విషయంలో మా పరీక్ష ఒక్కటే. ఫోన్‌లో ఒకసారి పలికితే అవతలివాళ్లు స్పెల్లింగ్ అడక్కుండా వెతుక్కోగలగాలి. మేము మొదట ముచ్చటపడి పెట్టుకున్న సంస్కృత పేరును ముగ్గురు మూడు రకాలుగా టైప్ చేశారు. వదిలేశాం.

స్క్రీన్‌షాట్లు ఎనిమిది వరకు పెట్టొచ్చు. మొదటి రెండిట్లోనే మీ వాక్యం కనిపించాలి, మిగతావి చూసేవాళ్లు తక్కువ. మా మొదటి బొమ్మలో శుక్రవారం కింద 14 జాకెట్లు ఎర్రగా కనిపిస్తాయి. అందులో నిజమైన కస్టమర్ల పేర్లు, నంబర్లు పెట్టకండి. బొమ్మ కోసం వేరే పేర్లు రాసుకోండి.

డేటా సేఫ్టీ ఫారం, ప్రైవసీ పాలసీ లింకు తప్పనిసరి కాబట్టి అందరూ ఏదో ఒకటి నింపేస్తారు. మా విషయంలో అది ఏదో ఒకటి నింపేసే కాగితం కాదు. ఆడవాళ్ల ఒంటి కొలతలు, వాళ్ల ఫోన్ నంబర్లు మా దగ్గర ఉంటాయి. "ఇవి ఇంకెవరైనా చూస్తారా?" అని దాదాపు ప్రతి షాపులోనూ అడిగారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని కూర్చుని చదివాం. ఏమేం దాచుకుంటున్నామో, తీసేయమంటే ఎలా తీసేస్తామో ఆరు వాక్యాల్లో తెలుగులో రాసి యాప్ మొదటి తెరలోనే పెట్టాం. దానివల్ల పెరిగిన నమ్మకం ఏ ప్రకటనా తేలేదు.

ఎక్కడ చెప్పాలి

ముందు పోయిన డబ్బు గురించి చెప్తాను. జూన్‌లో టెన్షన్ తట్టుకోలేక ఒక మార్కెటింగ్ ఏజెన్సీకి రూ. 22,000 ఇచ్చాం. రెండు వేల డౌన్‌లోడ్లు తెస్తామన్నారు, విడుదలైన వారంలోనే దాదాపు తెచ్చారు కూడా. ఆ ఫోన్లలో ఒక్క ఆర్డరు కూడా నమోదు కాలేదు, చాలావాటిలో యాప్ రెండోసారి తెరుచుకోలేదు. అంతకంటే బాధ కలిగించిన విషయం, వాళ్లంతా తీసేయడంతో అన్‌ఇన్‌స్టాల్‌ల గీత ఒక్కసారిగా పైకి లేచింది, మా అసలు టైలర్ల లెక్క అందులో మునిగిపోయింది. డౌన్‌లోడ్‌కు ఇంత అని మాట్లాడే ఎవరికీ డబ్బు ఇవ్వొద్దని గట్టిగా చెబుతున్నాను.

టైలరు రోజూ ఎక్కడికి వెళుతుంది? మ్యాచింగ్ సెంటరుకు. లైనింగు, ఫాల్సు, హుక్కులు, దారం రీళ్లు, అన్నీ అక్కడే. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్ నుంచి పటమట సందుల దాకా 14 మ్యాచింగ్ సెంటర్లలో క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న కార్డు లామినేషన్ చేయించి పెట్టాం. ఒక్కో షాపుకు వేరే లింకు. ప్లే స్టోర్ లింకు చివర రిఫరర్ అనే ముక్క తగిలిస్తే, ఆ దారిలో వచ్చినవాళ్లు ఎందరో గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ అనే టూల్‌లో విడిగా చూసుకోవచ్చు. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇది చేయకపోతే ఏ దారి పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

మా అంచనాలన్నీ తలకిందులయ్యాయి. రద్దీగా ఉండే పెద్ద షాపుల నుంచి ఒకరిద్దరే వచ్చారు. అక్కడ గోడ నిండా బోర్డులు, కొనేవాళ్లకు నిలబడే తీరిక లేదు. పటమటలో ఒక చిన్న సెంటరు యజమానురాలు కార్డును బిల్లు బుక్కు పక్కన పెట్టి, చిల్లర ఇచ్చేటప్పుడు "ఇది చూశావా అక్కా" అని అడిగేది. ఆ ఒక్క షాపు నుంచే 31 మంది వచ్చారు.

అన్నిటికంటే బాగా పనిచేసిన మనిషి కుట్టు మిషన్ మెకానిక్. మిషన్ ఆగిపోతేనే ఆయన వస్తాడు. ఆయన బాగుచేస్తున్న అరగంట టైలరుకు వేరే పని ఉండదు, పక్కనే కూర్చుంటుంది. ఆయన మాట మీద నమ్మకం ఉంటుంది. అలాంటివాళ్లు ముగ్గురికి యాప్ నేర్పాం. షాపుకు రూ. 50 అనుకున్నాం, అదీ డౌన్‌లోడ్ చేయిస్తే కాదు, ఆ షాపువాళ్లు ఐదో ఆర్డరు ఎక్కించాకే. మీ రంగంలో ఈ మెకానిక్ ఎవరు? పాల వ్యాపారానికి దాణా అమ్మేవాడు కావచ్చు, హోటళ్లకు గ్యాస్ సిలిండర్ వేసే కుర్రాడు కావచ్చు. ఆ మనిషిని వెతికి పట్టుకోండి.

వాట్సాప్ కోసం 40 సెకన్ల వీడియో తీశాం. ఫోను నిలువుగా పట్టుకుని, అమ్మ వసారాలోనే, మిషన్ చప్పుడు వినిపిస్తుండగా. సంగీతం పెట్టిన ఇంకో వీడియో కూడా చేయించాం, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లకు ఒక మాట: ఒక్కో లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. అందుకే కలిసిన ప్రతి టైలరు ఫోనులోనూ ముందు మా నంబరు సేవ్ చేయించేవాళ్లం. ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, మెసేజ్‌లు పంపే సంస్థల వివరాలుండే డీఎల్‌టీ వ్యవస్థలో నమోదు కావాలి. చిన్న టీముకు మొదట్లో ఆ శ్రమ అక్కర్లేదు.

జాకెట్ కటింగ్ నేర్పే తెలుగు యూట్యూబ్ ఛానళ్లు బోలెడున్నాయి. చిన్న ఛానల్ నడిపే ఇద్దరితో మాట్లాడాం. డబ్బిచ్చి చెప్పించుకుంటే అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చూపించాలి, ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. మేము డబ్బివ్వలేదు. నెల రోజులు వాడి, నచ్చితేనే చెప్పమన్నాం. ఒకరు చెప్పారు, ఒకరు చెప్పలేదు.

విడుదల వారం

మొదటి విడుదలకు ప్లే స్టోర్‌లో కొద్దికొద్దిగా వదిలే సౌకర్యం లేదు, అది తర్వాతి అప్‌డేట్లకే. బటన్ నొక్కితే అందరికీ వెళ్లిపోతుంది. అందుకే దేశాల జాబితాలో భారత్ ఒక్కటే ఉంచాం. సోమవారం పెట్టాం. ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి చేతిలో ఐదు పనిదినాలు ఉంటాయి.

ఆ వారమంతా ఇద్దరం పొద్దున కోడ్, మధ్యాహ్నం వీధులు. టైలర్ల దగ్గరికి రెండు నుంచి నాలుగు మధ్యే వెళ్లేవాళ్లం. అప్పుడు భోజనాలయ్యి ఉంటాయి, పిల్లలు బడి నుంచి రారు, కస్టమర్లూ రారు. రోజుకు ఆరు షాపులు, అంతకు మించి కాదు. ఎక్కించి వచ్చేయడం కాకుండా, పక్కన కూర్చుని వాళ్ల పుస్తకంలోని మొదటి ఐదు ఆర్డర్లు వాళ్ల చేత్తోనే ఎక్కించేవాళ్లం. నాలుగోదాకా విసుక్కుంటారు, ఐదోది వాళ్లే ఎక్కిస్తారు.

అందుకే మేము చూసుకున్న అంకె డౌన్‌లోడ్లు కాదు. వారం లోపల ఐదో ఆర్డరు ఎక్కించిన షాపులు ఎన్ని, అంతే. ఆషాఢం ముగిసేనాటికి ఆ అంకె 118. మీ యాప్‌లో ఆ ఐదో ఆర్డరుకు సమానమైన పని ఏదో విడుదలకు ముందే తేల్చుకుని, గోడ మీద రాసుకోండి.

రేటింగులు అడగడానికి కూడా వేళ ఉంటుంది. మొదటి జాకెట్టు "ఇచ్చేశాను" అని నొక్కాక అడిగాం, యాప్ తెరవగానే కాదు. డబ్బో బహుమతో ఆశచూపి రివ్యూలు రాయించుకోవడం ప్లే స్టోర్ విధానాలకు విరుద్ధం. వచ్చిన ప్రతి రివ్యూకు తెలుగులో జవాబు రాయండి. 350 అక్షరాలే ఇస్తారు, క్షమాపణకూ పరిష్కారానికీ సరిపోతాయి.

వ్రతం ముందు పది రోజులు

జులై 29 తర్వాత మేము ఒక్క అప్‌డేట్ కూడా వదల్లేదు. వరలక్ష్మీ వ్రతం ముందు టైలరు ఫోనులో బటన్ అటుదిటైతే ఆమె మళ్లీ యాప్ ముఖం చూడదు. సిద్ధంగా ఉన్న మంచి మార్పులు కూడా పక్కన పెట్టాం. రాత్రి పదకొండు దాకా ఫోన్ తీయడానికి ఒకరం మేలుకుని ఉండేవాళ్లం. ఏజెన్సీకి పోయినది కలిపి అప్పటికి మా ఖర్చు రూ. 41,000.

ఆగస్టు 11, సోమవారం నుంచి ఇంకో పని మొదలుపెట్టాం. వాడటం ఆపేసిన 27 షాపులకు మళ్లీ వెళ్లాం. ఎందుకు ఆపారని అడిగితే మొహమాటానికి "బాగానే ఉందమ్మా" అంటారు. అందుకే అడగలేదు. "మీరు కొలతలు తీసుకునేటప్పుడు చూస్తానక్కా" అని కూర్చున్నాను. ఒక చేతిలో టేపు, రెండో చేయి కస్టమర్ భుజం మీద. నోటితో "ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై" అంటుంటే పక్కన కూతురు పుస్తకంలో రాస్తోంది. ఫోను పట్టుకోవడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. 27 మందిలో 16 మంది ఆపడానికి కారణం ఇదే.

ఇప్పుడు నోటితో చెబితే కొలతలు ఎక్కేలా చేస్తున్నాం. దానికి టెస్టర్లుగా ఆ పదహారు మందినే అడిగాం, పదమూడు మంది సరేనన్నారు. విడుదల మళ్లీ ఆషాఢంలోనే.